దేవుడి మిగులు

కుసుంబుగుడలో సోములమ్మ ఇంటికి ఎవరు వెళ్లినా ముందు అంబలి గిన్నె చేతికొస్తుంది. వచ్చిన పనేమిటన్నది ఆ తర్వాతి మాట. అరకు రోడ్డు మీద కాఫీ కొట్టు నడిపే స్వర్ణకూ అదే మర్యాద జరిగింది. స్వర్ణది పార్వతీపురం. పసుపూ పిప్పళ్లూ కొనడానికి అప్పుడప్పుడూ ఈ కొండెక్కుతుంది. ఆమెకు పాత వంటసామాను పిచ్చి. కొట్లో ఒక గోడ పొడుగునా అద్దాల బీరువా పెట్టి, ఆనపబుర్రలూ కర్ర గరిటెలూ రాతిచిప్పలూ వరసగా పేర్చి, ప్రతిదాని ముందూ అది దేనికి వాడేవారో, ఎంత పాతదో, ఎవరింటి నుంచి వచ్చిందో చిన్న అట్టముక్క మీద రాసి పెడుతుంది. కాఫీ తాగడానికొచ్చిన వాళ్లు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. మనం రోజూ మసి తోముకునే గరిటెకి అక్కడ అంత భోగం.

ఆ పూట అంబలి తాగుతూ స్వర్ణ పొయ్యి వైపు చూసి ఆగిపోయింది.

"అక్కా, ఆ కుండ కింద పెట్టినావు, అదేటి?"

సోములమ్మ కుండ దించి, దాని కింది వస్తువును కొంగుతో తుడిచి ఇచ్చింది. గుండ్రటి కర్ర బిళ్ల. అరచేతి కంటే కాస్త పెద్దది, రెండు వేళ్ల మందం. పాతబడి, మసిబారి నల్లగా నిగనిగలాడుతోంది. అంచు చుట్టూ ఇత్తడి పట్టీ, పట్టీ మీద చిన్న చిన్న చుక్కల పువ్వులు. సరిగ్గా నడుమ ఒక వేలు దూరేంత బెజ్జం.

"ఏటో సెక్క బిళ్ల. మా మావ సచ్చిపోయిన ఏడు అటక దులుపుతుంటే దొరికినాది. కుండ కదలకుండా ఉంటాదని పెట్టుకున్నాను."

"కుండ కిందకైతే ఇత్తడి పట్టీ ఎవరు కొడతారక్కా? ఇది ఇంకో పనికి చేసినది." స్వర్ణ దాన్ని అటూ ఇటూ తిప్పి, బెజ్జంలో వేలు పెట్టి చూసింది. "ఏ పనికో, ఎంత పాతదో కనుక్కో. నా బీరువాలో నీ పేరు రాసి పెడతాను."

నీ పేరు రాసి పెడతానన్న మాటకి సోములమ్మ నవ్వింది. ఆమె పేరును మంచి చోట పెడతానన్న మనిషి చాలా ఏళ్ల తర్వాత దొరికింది. ఎందుకో తెలియాలంటే ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

సోములమ్మ కోడలిగా వచ్చింది మానిక ఇంటికి. ఊళ్లో ఆ ఇంటికి అదే పేరు. చైత్రంలో ఇటుకల పండగకి, కొండపోడులో విత్తనం చల్లకముందు, ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ చోడి విత్తనాలు, అంటే రాగులు, తెస్తారు. శంకుదేవుడి రాళ్ల దగ్గర పెద్ద చాప పరుస్తారు. ఒక కర్ర మానికతో ఇంటికో కొలత చొప్పున కొలిచి చాప మీద పోసి, ఏ గింజ ఎవరిదో తెలియకుండా కలిపేస్తారు. పూజారి మొక్కుతాడు, ఊరంతా నేలకి నుదురు ఆనిస్తుంది. తర్వాత అదే మానికతో మళ్లీ ఇంటికో కొలత తిరిగి ఇస్తారు. అంటే ప్రతి చేలోనూ ఊరందరి విత్తనమే మొలుస్తుందన్నమాట. ఒకరి పంట నవ్వి ఇంకొకరిది ఏడవకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. కొలిచేది ఒక్క ఇల్లే. సోములమ్మ మావ మంగ్లు కొలిచేవాడు, అంతకుముందు అతని తండ్రి.

ఇంటికో మానిక పోసి ఇంటికో మానిక తీస్తే చాప మీద ఏం మిగలాలి? ఏమీ మిగలకూడదు. కానీ మంగ్లు కొలిస్తే మిగిలేది. ప్రతి ఏడూ బుట్టెడు గింజ చాప మధ్య పోగై కూర్చునేది. దేవుడు తాకి పెంచాడు కాబట్టే మిగిలిందని ఊరు చేతులెత్తి దండం పెట్టేది. కొలిచిన చెయ్యి చల్లనిది కాబట్టి ఆ మిగులు కొలిచిన ఇంటికే చెందేది. సోములమ్మ పెళ్లయి వచ్చిన ఏడు పోగు మరింత పెద్దదైంది. అత్త అచ్చియమ్మ ఆమె గడ్డం పట్టుకుని "నీ కాలు మంచిదే కోడలా" అంది. పదహారేళ్ల పిల్లకి ఆ మాట చాలు, పొయ్యిలో పుల్లలు లేకపోయినా వంట అయిపోతుంది.

తర్వాత మంగ్లు పోయాడు. మానిక అతని కొడుకు సుక్రు చేతికొచ్చింది. అచ్చియమ్మ ఓపిక తగ్గి వంటిల్లు కోడలికి వదిలేసింది. ఆ మరుసటి పండగకి సుక్రు కొలిచాడు. ఆఖరి ఇంటికి ఆఖరి మానిక ఇచ్చేసరికి చాప ఖాళీ. ఒక్క గింజ లేదు. ఊరు నోరు తెరిచి చూసింది. అప్పుడు అచ్చియమ్మ అందరి మధ్యా కూలబడి గుండెలు బాదుకుంది.

"నా మొగుడున్నన్నాళ్లు దేవుడు మిగిల్చినాడు. ఇప్పుడేటి మారినాది? గింజలున్న వంటిల్లు కోడలి సేతికొచ్చినాది. అంతే గదా మారినాది."

కొడుకు చేతికి మానిక, కోడలి చేతికి వంటిల్లు, రెండూ ఒకే ఏడు వచ్చాయి. తప్పు ఏ చేతిదా అని ఆ ఊరు ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించలేదు. అత్త కొట్టినది అడుగోటి కుండ, కోడలు కొట్టినది కొత్త కుండ. సుక్రు తల దించుకుని మానికకి గుడ్డ చుట్టుకున్నాడు.

అప్పట్నించి సోములమ్మ చెయ్యి విత్తనం మీద పడకూడదు. చేలో కలుపు తీయొచ్చు, కోత కోయొచ్చు, మూట మొయ్యొచ్చు. చల్లే గింజ మాత్రం ముట్టుకోకూడదు. మానిక సంగతి సరే సరి, అది అటక మీద గుడ్డలో ఉంటుంది, దాని వైపు చూడ్డమే తప్పు. పండగ రోజు ఆడవాళ్లందరి వెనక నిలబడాలి. పక్కింటి యర్రమ్మ, రోజూ ఉప్పుకీ నిప్పుకీ వచ్చే మనిషి, విత్తనాల బుట్ట పట్టుకుని ఎదురైతే పక్కకి తప్పుకుని పోయేది. అన్నిటికంటే పెద్ద దెబ్బ కూతురు జయశ్రీ పెళ్లిలో తగిలింది. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు తల్లి ఆ పిల్ల ఒళ్లో విత్తనాలు పోసి పంపుతుంది. జయశ్రీ ఒడిలో గింజలు పోసింది యర్రమ్మ. సోములమ్మ గుంజ పట్టుకుని చూసింది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆమె సంగతి చెప్పినట్టు కాదు. ఆ నిందని ఆమె నమ్మింది. తన చేతిలోనే ఏదో చెడు ఉందనుకుంది. ఉపవాసాలుంది, కోళ్లు మొక్కింది, పసుపు నీళ్లలో చేతులు నానబెట్టుకుంది. మొగుడి మీద కోపం రాలేదు. మెత్తటి మనిషి, ఊరితో ఏం పోట్లాడతాడులే అనుకుంది. ప్రతి ఏడూ పండగ అయ్యాక వచ్చే సంతలో సుక్రు ఆమెకి గాజులు తెచ్చేవాడు. ఆకుపచ్చవి, మట్టివి. ఊరంతా ఒక వైపున్నా నా మొగుడు నా వైపున్నాడని ఆ గాజులు చూసుకుని మురిసిపోయేది. పిచ్చిది.

స్వర్ణ వెళ్లాక సోములమ్మ బిళ్ల పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పగింజలు ఆవిరి పెట్టే కుండకి మూత అయ్యుంటుంది, బెజ్జంలోంచి ఆవిరి పోతుంది అంది యర్రమ్మ. పిల్లల తిరగలి అన్నారొకరు. ఒడియా వైపు నుంచి వచ్చిన ఏదో సామాను అన్నారు ఇంకొకరు. మూత అయితే ఏ కుండకీ సరిపోవడం లేదు. మూత అంచుకి ఇత్తడి ఎందుకన్నదీ ఎవరికీ తెలియదు.

అత్తనడిగితే ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది. "ఏటో పాత సెక్క. పొయ్యిలో పెట్టీ."

సుక్రునడిగితే కాఫీ తోటకి వెళ్లే తొందరలో ఉన్నాడు. "నాకేటి తెల్సు" అని కత్తి భుజాన వేసుకుని పోయాడు.

పండగ దగ్గరపడింది. సుక్రు మానిక దించి, ఇప్పనూనె రాసి, ముంగిట్లో అరుగు మీద ఎండకి పెట్టి తోటకెళ్లాడు. అచ్చియమ్మ లోపల నిద్రపోతోంది. చైత్రపు వాన చెప్పి రాదు. కొండ మీద ఉరిమిందనుకునే లోపు ముంగిట్లో చినుకులు టపటపా పడ్డాయి. సోములమ్మ గడపలో నిలబడి మానిక వంక చూసింది. ముట్టుకుంటే తప్పు. తడిసి కర్ర పగిలితే ఇంకా పెద్ద తప్పు, అదీ ఆమె మీదే పడుతుంది. మొక్కుకుని పరుగున వెళ్లి గుండెకి అదుముకుని లోపలికి తెచ్చేసింది.

అంత దగ్గరగా దాన్ని చూడ్డం అదే మొదలు. ఒక్క మొద్దుని తొలిచి చేసిన లోతైన కొలపాత్ర. బయట మూడు ఇత్తడి పట్టీలు. లోపల నున్నగా నల్లగా ఉంది. అడుగుకి కాస్త పైన, లోపలి గోడ చుట్టూ సన్నని గీత ఒకటి కనిపించింది. ఏదో గుండ్రటి వస్తువు అక్కడ కూర్చుని లేచి, మళ్లీ కూర్చుని లేచి, ఒరుసుకున్న గీత. వంట చేసే మనిషి ఆ గీతని గుర్తుపట్టకుండా ఉండదు. మూత కూర్చున్న ప్రతి గిన్నెకీ అలాంటి గీత ఉంటుంది.

సోములమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. కుండ దించింది. బిళ్ల తీసి మానికలోకి జారవిడిచింది. అది ఎక్కడా తట్టుకోకుండా జారి, అడుగున కూర్చుంది, దాని పై అంచు సరిగ్గా గీత దగ్గర ఆగింది. పైనుంచి చూస్తే నలుపులో నలుపు, అదే అడుగు అనిపిస్తుంది. బెజ్జంలో వేలు పెట్టి లాగితే పైకొచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. పోసేటప్పుడు బిళ్ల లేని మానిక. తిరిగి ఇచ్చేటప్పుడు బిళ్ల ఉన్న మానిక. ఇంటింటికీ రెండు వేళ్ల మందం గింజ తగ్గితే చాప మీద బుట్టెడు మిగలక ఏమవుతుంది.

బయట వాన హోరుగా పడుతోంది. సోములమ్మ కాళ్లు ముడుచుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమెకి ముందు సంతోషం వేసింది, నిజం చెప్పాలంటే. నా చెయ్యి మంచిదే అనుకుంది. ఆ సంతోషం ఎంతో సేపు నిలవలేదు. స్వర్ణ అడిగిన రెండో ప్రశ్న గుర్తొచ్చింది. ఎంత పాతది.

బిళ్ల అంచు మీది చుక్కల పువ్వులు ఎక్కడో చూసినవే. లేచి ఉట్టి మీద నుంచి అత్త ఇత్తడి కంచం దించింది. అచ్చియమ్మ పెళ్లి కంచం అది, పుట్టింటివాళ్లు పెట్టింది. దానికి అంచు ఉండదు. కుక్క ఈడ్చుకుపోతే చితికిపోయిందని, అంచు కత్తిరించేశామని చెబుతుంది అత్త. కంచం నడుమ చుక్కల పువ్వులు ఉన్నాయి. బిళ్ల చుట్టూ ఉన్నవీ అవే పువ్వులు, అదే చేతి దెబ్బలు. మానిక తాతల నాటిది కావచ్చు. బిళ్ల మాత్రం అచ్చియమ్మ పెళ్లి తర్వాతది. ఆమె కంచం అంచు కోసి, ఆమె కళ్ల ముందే చేసింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ ఇంట్లో దొంగతనమే ఈశ్వరుడి పేరు మీద జరిగింది.

అచ్చియమ్మ నిద్ర లేచి వచ్చేసరికి కంచం, మానిక, బిళ్ల మూడూ వరసగా నేల మీద ఉన్నాయి. ముసలామె వాటిని చూసింది, కోడల్ని చూసింది. అబద్ధం ఆడే ఓపిక కూడా లేనట్టు గుమ్మంలోనే కూర్చుంది.

"కరువు రోజులే కోడలా. నా పిల్లలు ఆకులు తిని బతికినారు. నీకేటి తెల్సు."

"ఆకలికి సేసినారు, సరే. నా మీదకెందుకు తోసినావత్తా?"

"ఊరు నా మొగుడి వైపు సూడకుండా."

అంత సూటిగా చెప్పింది. సోములమ్మకి ఆమె మీద పెద్దగా కోపం రాలేదు. అత్త ఎప్పుడూ అత్తే. ఆమె ఎదురు చూసింది సుక్రు కోసం. అతనికి తెలియదు. తెలిస్తే ఊరుకునేవాడా. పాపం, తండ్రి పరువు పోయిందని ఎంత బాధపడతాడో అని కూడా అనుకుంది.

సుక్రు తోట నుంచి తడిసి వచ్చాడు. నేల మీది మూడు వస్తువుల్నీ చూశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. అది కనిపించకపోవడమే సోములమ్మకి కత్తిలా దిగింది.

"నీకు తెల్సు" అంది.

సుక్రు తలగుడ్డ విప్పి పిండుకున్నాడు. "అయ్య సచ్చిపోయే ముందు సెప్పినాడు. అటక మీద ఉన్నాదన్నాడు. నాను ముట్టుకోలేదు సోములమ్మా. దేవుడి గింజ. నాకు బయమేసినాది. నాను ఏ ఏడూ తప్పు కొలవలేదు."

"మంచి పని సేసినావు. మరి నా మీద మాట పడినప్పుడు?"

"ఏటి సెప్పమంటావు? మా అయ్య దొంగని ఊరందర్లో సెప్పమంటావేటి? సచ్చినోడి పేరు సెడగొట్టమంటావా?"

"బతికున్నదాని పేరు?"

సుక్రు పిండిన తలగుడ్డనే మళ్లీ పిండాడు.

ఊరికి న్యాయం చేశాడు, దేవుడికి భయపడ్డాడు, తండ్రి పేరు కాపాడాడు. అందరికీ మంచివాడే. ఆ మంచితనానికి అయిన ఖర్చంతా పెళ్లాం మీద రాశాడు. ఆమె అటక మీద బిళ్ల దొరికిందని తెచ్చి కుండ కింద పెట్టుకుంటే చూసి ఊరుకున్నాడు. ప్రతి పూటా ఆ కుండలో అంబలే తాగాడు. కూతురి ఒడిలో పరాయి చెయ్యి గింజలు పోస్తుంటే పక్కనే నిలబడ్డాడు. సోములమ్మ తన చేతి గాజుల్ని చూసుకుంది. అవి ఎందుకొచ్చేవో ఇప్పుడు తెలిసింది. ఒక్కొక్కటే తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది.

పండగ నాటి ఉదయం బిళ్లని భర్త చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పింది. "గింజ తిరిగి ఇచ్చే ముందు దీన్ని అందరికీ సూపించు. నువ్వే సెప్పు. నీ నోటితో సెప్తే నాకు అది సాలు."

"సెప్తాను" అని సుక్రు దాన్ని తలగుడ్డలో చుట్టుకున్నాడు.

శంకుదేవుడి రాళ్ల దగ్గర చాప పరిచారు. ఇంటికో మానిక పోశారు, గింజలన్నీ కలిపారు. పూజారి మొక్కాడు. ఊరంతా నేలకి నుదురు ఆనించింది. సోములమ్మ అలవాటు ప్రకారం అందరి వెనక ఉండి, తానూ వంగి లేచింది. సుక్రు అప్పటికే మానిక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలగుడ్డ భుజం మీద వదులుగా ఉంది. ఇప్పుడు చెబుతాడని ఆమె మునివేళ్ల మీద లేచి చూసింది. సుక్రు వంగి మొదటి మానిక ముంచాడు.

ఒకటి తర్వాత ఒకటి బుట్టలు నిండాయి. ఆఖరి ఇంటికి కొలిచాక చాప నడుమ బుట్టెడు గింజ మిగిలి ఉంది.

డప్పులు ఒక్కసారిగా మోగాయి. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. దేవుడు తిరిగి చూశాడన్నారు, సోములమ్మ దోషం పోయిందన్నారు. జనం మీదుగా సుక్రు భార్య వైపు చూసి నవ్వాడు. చూశావా, నీ పేరు నీకు తెచ్చిపెట్టానన్న నవ్వు అది. తండ్రి చేసిన పనికి బతుకంతా భయపడినవాడు, నిజం చెప్పాల్సొచ్చేసరికి ఆ పనే చేశాడు. పైగా అది ఆమెకి కానుక అనుకున్నాడు.

యర్రమ్మ జనాన్ని తోసుకుని వచ్చి తన విత్తనాల బుట్ట సోములమ్మ ముందు పట్టింది. "నీ సెయ్యి ఎట్టు తల్లీ. ఇన్నాళ్లూ తప్పు సేసినాం."

ఎన్నేళ్లుగానో ఆమె కలగన్న మాట అది. సోములమ్మ చెయ్యి లేచింది, బుట్ట దాకా వెళ్లి ఆగింది. ఆమె యర్రమ్మని దాటుకుని నేరుగా చాప దగ్గరికి నడిచి, సుక్రు చేతిలోంచి మానిక తీసుకుంది. అతను గట్టిగా పట్టుకోబోయి వదిలేశాడు. ఆమె మానికని బోర్లించి దేవుడి రాయి మీద ఒక్కసారి కొట్టింది. బిళ్ల ఊడి గింజల పోగు మీద పడింది.

"ఇదీ దేవుడి మిగులు" అంది. బిళ్ల తీసి మానికలో పెట్టి, వేలితో లాగి మళ్లీ చూపించింది. గొంతు పెంచలేదు. ఏడవలేదు కూడా. "మా మావ ఇలాగ కొలిసినాడు. నా మొగుడు ఇన్నాళ్లూ ఇలాగ కొలవలేదు, అందుకే మిగల్లేదు. ఈ ఏడు కొలిసినాడు. నా సేతిలో ఏటీ లేదు."

డప్పులు ఆగిపోయాయి. అచ్చియమ్మ కొంగు ముఖాన కప్పుకుంది. సోములమ్మ చాప దగ్గర కూర్చుని, మిగిలిన గింజలోంచి రెండు చేతులతో దోసెడు తీసి పట్టుకుంది. ఎవరికిస్తుందో, ఎవరు తీసుకుంటారో తెలియక అందరూ చూశారు. యర్రమ్మే ముందు బుట్ట పట్టింది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. తగ్గిన కొలత తిరిగి ఇంటింటికీ ఆమె చేతి మీదుగానే వెళ్లింది. ఆఖర్న సుక్రు తన ఇంటి బుట్ట పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. అందులోనూ ఒక దోసెడు పోసింది, అందరికీ పోసినంతే. చాప ఖాళీ అయిపోయింది.

"నీ పేరు నిలబెడదామనే సేసినాను" అన్నాడు సుక్రు మెల్లగా. "ఆ బిళ్ల గెడ్డ నీళ్లలో పారీసి రా. బేగి ఇంటికెళ్లిపోదాం."

సోములమ్మ బిళ్లని కొంగుతో తుడిచి, కొంగులోనే ముడేసుకుంది.

"స్వర్ణమ్మకి ఇత్తాను. ఏ పనికో, ఎంత పాతదో రెండూ తెలిసినాయి. నా పేరు మాత్రం రాయద్దని సెప్తాను. ఇది మీ ఇంటిది."